నా రక్తం సంగతి నాకు చెప్పండి

మా జులైఖా అక్క ఒరాన్ నగరంలో డ్రైవింగ్ స్కూలు నడిపేది. ఆడది కారు నేర్పడమేమిటని నవ్వే రోజుల్లో మొదలుపెట్టింది. సంత రోజున కూరగాయల బళ్ల మధ్య నుంచి కొత్తవాళ్ల చేత కారు నడిపించి, వాళ్లు భయపడి కళ్లు మూసుకుంటే నెత్తిన ఒక్కటి మొట్టేది. అలాంటి మనిషికి గుండెలో వాల్వు పాడైంది. ఆపరేషన్ చేసి కొత్తది వేశారు.

గుండె బాగానే కొట్టుకుంది. కిడ్నీలు మొరాయించాయి. ఆపరేషన్ జరుగుతుండగా బీపీ పడిపోయి వాటికి రక్తం చాలలేదట. ముఖం, కాళ్లు ఉబ్బిపోయాయి. మూత్రం సంచిలో చుక్క లేదు. మెడలో గొట్టం పెట్టి డయాలిసిస్ మొదలుపెట్టారు.

ఈ సంగతి ముందు మా తమ్ముడు మీలూద్‌కి చెప్పారు. మా అందరికంటే చిన్నవాడే అయినా, నాన్న పోయినప్పటి నుంచి ఇంటికి పెద్ద తనేననుకుంటాడు. "అక్క తట్టుకోలేదు. ఒక్క ముక్క చెప్పినా ఊరుకోను," అని వరండాలో అందరినీ కట్టడి చేశాడు. అంతటితో ఆగక స్కూలుకెళ్లి బోర్డు దించేశాడు.

నోట్లోంచి ఊపిరి గొట్టం తీశాక, అక్క పక్కనున్న మిషను వంక చూసింది.

"ఏమిట్రా ఇది?"

"ఏంలేదక్కా. రక్తం కాస్త శుభ్రం చేస్తున్నారు."

"ఎందుకూ? నా ఒంట్లో ఏమన్నా మురిక్కాలవుందా?"

"నువ్వు మాట్లాడకూడదు. పడుకో."

"నా రక్తం బయటికి పోయి మళ్లీ నాలోకే వస్తోంది. ఎక్కడికెళ్లొస్తోందో నేనడక్కూడదా? డాక్టరమ్మని పిలు. నువ్వు బయటికి నడు."

వాడు కదల్లేదు. అక్క నావైపు తిరిగింది. "బద్రా, వీణ్ణి నువ్వు తీసుకుపోతావా, నన్ను లెమ్మంటావా?"

రొమ్ము మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అయినా లేస్తుందని మా ఇద్దరికీ తెలుసు. మీలూద్ వెళ్లిపోయాడు.

డాక్టర్ హసీబా కుర్చీ లాక్కుని కూచుని, ఏదీ దాచకుండా చెప్పింది. "కొన్ని వారాల్లో కిడ్నీలు కోలుకోవచ్చు. కోలుకోకపోవచ్చు కూడా. అప్పుడిక వారానికి మూడుసార్లు ఈ మిషనే."

అక్క కన్నీళ్లు చెవుల్లోకి కారాయి. తుడవబోతే నా చెయ్యి నెట్టేసింది.

"ఏడవనీ. తెలిసే ఏడుస్తున్నాగా." తర్వాత డాక్టరుతో అంది: "ఇకమీదట ఏదైనా ముందు నాకే చెప్పండి. వాడికి చెప్పాలో వద్దో నేను చూసుకుంటా."

ఆ తర్వాత మెడలో గొట్టం దగ్గర చీము పట్టి జ్వరమొచ్చింది. ఒళ్లు కాలిపోతుంటే మా అమ్మతో మాట్లాడేది. అమ్మ పోయి ఎన్నేళ్లయిందో. మీలూద్ వరండాలో గోడకి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. జ్వరం దిగాక వాడే మంచం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మా ఇంట్లో ఉందువుగాని అక్కా. స్కూలెలాగూ మూసేశా."

"ఎవర్నడిగి?"

"నీ మంచికే. ఇలా అయిపోయిన మనిషి దగ్గరికి నేర్చుకోడానికి ఎవరొస్తారు?"

"ఎవరూ రాకపోతే నేనే మూసుకుంటా. నువ్వెవడివి?"

కిడ్నీలు పూర్తిగా కోలుకోలేదు. వారానికి మూడుసార్లన్నది రెండుసార్లయింది, అంతే. ఉప్పు లేదు, నీళ్లు కొలత ప్రకారమే. రొమ్ము ఎముక అతుక్కుందని డాక్టరు చెప్పిన వారమే అక్క మీలూద్‌ని నిచ్చెనెక్కించి బోర్డు పెట్టించింది. ఎదుట కాఫీ కొట్లో మగాళ్లంతా చూస్తున్నారు. "ఎడమ పక్క కిందికుందిరా, పైకి కొట్టు!" అని రోడ్డు మధ్య నుంచి కేకేసింది.

మొదట చేరింది హూరియా. డయాలిసిస్‌లో అక్క పక్క మంచం ఆవిడ, విధవరాలు. ఆసుపత్రికి రావాలంటే కొడుకుల తీరిక కోసం వీధి గుమ్మంలో కూచుని ఎదురుచూడ్డం ఆవిడకి విసుగెత్తింది. మొదటి రోజే పెద్ద కూడలి మధ్యలో కారు ఆపేసుకుంది. వెనక నుంచి హారన్లే హారన్లు. నేను వెనక సీట్లో బిక్కచచ్చిపోయాను.

అక్క అద్దం దించి తల బయటపెట్టింది.

"మా ఇద్దరివీ కలిపినా ఒక్క కిడ్నీ తూగదు! మాకే లేదు తొందర, నీకేం తొందరయ్యా?"

హారన్లు ఆగిపోయాయి. హూరియా బండి స్టార్టు చేసింది గాని, నవ్వు పట్టలేక మళ్లీ ఆపేసింది.

"నవ్వింది చాల్లే," అంది అక్క. "క్లచ్ తొక్కు. నిదానంగా."