మరియదాసు మందు

ప్రత్తిపాడు చుట్టుపక్కల మరియదాసు పాటలు రాని మనిషి లేడు. ఆ మరియదాసు ఎవరో తెలిసిన మనిషీ లేడు. అదీ ఆయన ఖర్మ.

తొంభై ఎనిమిదిలో గుంటూరు క్యాసెట్ల కొట్లో అమెరికా నల్లజాతి కుర్రాళ్ల హిప్ హాప్ విన్నాడు మరియదాసు. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, తాళం మీద మాట నడిచే నడక మాత్రం ఒంట్లోకి ఎక్కేసింది. ఎక్కితే ఎక్కింది, ప్రత్తిపాడులో హిప్ హాప్ రాయించుకునేవాడెవడు? పురుగుమందుల కొట్టు అంకమ్మరావు ఒక్కడే. ఊరూరా తిరిగే ఆయన మైకు ఆటోకి రాతా మరియదాసుదే, గొంతూ మరియదాసుదే.

“పత్తి చేలో పచ్చ పురుగు, పగలే వచ్చి కొరుకు కొరుకు
ఆలోచిస్తూ కూచోకన్నా, డబ్బా పట్టుకు ఉరుకు ఉరుకు”

బడికెళ్లే పిల్లలకి అదే, కలుపు తీసే ఆడవాళ్లకి అదే. ఓసారి పొన్నూరు బస్సులో పక్కసీటు పెద్దాయన కూడా అదే గొణుగుతుంటే మరియదాసుకి ఉండబట్టలేదు, అది రాసింది తానేనని చెప్పుకున్నాడు. పెద్దాయన ఎగాదిగా చూసి, “ఆటో పాటని ఒకరు రాయడమేంటయ్యా, దానంతటదే వస్తుంది” అని కిటికీవైపు తిరిగిపోయాడు. ఆ పూట మరియదాసుకి అన్నం సయించలేదు. తన పేరు మైకులో ఒక్కసారి వినపడితే చాలు, చచ్చినా ఫర్వాలేదని పెళ్లాం రెబ్కా దగ్గర వాపోయాడు.

ఏళ్లు గడిచాయి. బీటీ పత్తి వచ్చింది, క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి, పాట చివర పేరు చెప్పుకుంటానంటే అంకమ్మరావు జవాబు మాత్రం మారలేదు. నీ పేరు వింటే పురుగు చస్తుందట్రా అనేవాడు.

ఆఖరికి మిరప ముడతకి కొత్త మందొకటి దిగింది. దాని పేరు ఇంగ్లీషులో బారెడు, పలకబోతే నాలుక మడతపడేది. మంచి అదను దొరికిందని మరియదాసు భీష్మించుకు కూర్చున్నాడు, చివర తన పేరు పెడితేనే రాస్తానన్నాడు. సీజను నెత్తిమీదికొచ్చింది, అంకమ్మరావు ఒప్పుకోక చస్తాడా? కానీ ఒక్క మాటే, అంతకు మించితే కోసేస్తానన్నాడు.

“మిరప తోట ఆకు ముడత, రైతు నుదుట చూడు ముడత
ఒక్కసారి కొట్టి చూడు, ముడతలన్నీ విప్పి పెడతా
మరియదాసూ!”

ఆటో వెళ్లిన ప్రతి ఊళ్లోనూ ‘దాసు... దాసు...’ అని మోగింది. మరియదాసు సంతోషం పట్టలేక మర్నాడే కొట్టుకెళ్లాడు. అక్కడ వీరాంజనేయులనే రైతు నిలబడి, “రెండు డబ్బాలు మరియదాసు ఇవ్వండి” అంటున్నాడు. వెనకాయన మరియదాసుని నీళ్లలో ఎంత కలపాలని అడుగుతున్నాడు. అంకమ్మరావు కడుపు పట్టుకుని నవ్వుతూనే డబ్బాలు అందిస్తున్నాడు. పాపం మరియదాసు, ఏడవాలో నవ్వాలో తెలియక ఇంటికొచ్చేశాడు.

అంతటితో ఆగినా బాగుండేది. మందు కొట్టాక ముడత తగ్గకపోగా తోటంతా పాకింది. జనం కొట్టు మీదికి పోతే, ఆ అంకమ్మరావు ఎంత గుండెలు తీసిన బంటో చూడండి, నన్నెందుకు అడుగుతారు, చర్చి పక్కనే ఉంటాడు మరియదాసు, వాణ్ణే అడగమని వేలు చూపించాడు.

వీరాంజనేయులు వేళ్లతో సహా పీకిన మిరప మొక్క పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. వెనక ఊరంతా ఉంది.

“మరియదాసంటే నువ్వేనా?”

ఈ ప్రశ్న కోసం ఎన్నేళ్లు ఎదురుచూశాడు! తలుపు చాటునుంచి రెబ్కా కాదనమని సైగలు చేస్తోంది. కాదంటే ఒళ్లు దక్కుతుంది. మరియదాసుకి బస్సులో పెద్దాయన గుర్తొచ్చాడు.

“నేనేనండి. మందు నాది కాదు గానీ మాట నాదే. ఏం చేస్తారో చెయ్యండి.”

వీరాంజనేయులు ఇంకో అడుగు ముందుకేశాడు. “మరి ఆ పచ్చ పురుగు పాట?”

“అదీ నాదేనండి.”

“ఓరి నీ! మా మనవరాలికి అది పాడందే ముద్ద దిగదయ్యా” అని మొక్క కింద పడేశాడు. “అయితే పద. మా తరఫున కూడా ఒకటి కట్టు.”

కొట్టు ముందు అరుగెక్కించారు. మరియదాసు అక్కడికక్కడే అందుకున్నాడు.

“ముడత విప్పుతానన్నావు, మమ్మల్ని మడతపెట్టావు
డబ్బా వెనక్కి తీసుకుంటావా, రోజూ వచ్చి పాడమంటావా?”

జనం చప్పట్లతో తాళం వేస్తూ ‘మరియదాసూ’ అని అరిచారు. ఈసారి మందుని కాదు, మనిషినే పిలిచారు. పాట మూడోసారి ఎత్తుకునేసరికి అంకమ్మరావు దణ్ణం పెట్టి డబ్బాలన్నీ వెనక్కి తీసుకున్నాడు.

మరుసటేడు కంపెనీవాళ్లు వేరే మందు పంపారు. జనం నోట్లో నానిన పేరు వదులుకోవడం దేనికనుకున్నారో ఏమో, డబ్బా మీద ఎర్రక్షరాలతో ‘మరియదాసు గోల్డ్’ అని అచ్చేశారు. కింద పుర్రె బొమ్మ, దాని కింద ‘విషం’ అని ఉంది. మరియదాసు ఒక డబ్బా ఇంటికి తెచ్చి, కళ్లు తుడుచుకుంటూ రెబ్కాకి చూపించాడు.

రెబ్కా అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. “పేరొచ్చిందిగా” అంది. “ఇక పిల్లలకి అందకుండా అటక మీద పెట్టు.”