మాట కంటే ముందొచ్చిన నవ్వు

ఉప్పు డబ్బాకు ఫోన్ ఆనించి, చిటికెన వేలితో తెర పైకి తోసుకుంటూ బీన్స్ ఈనెలు తీస్తోంది చీమ. ఒక కామెంటుకు ఒక కాయ.

"పాతదే బాగుంది." ఒక ఈనె.

"ఈ కొత్త తాతగారికి కోపం రాదేం? మా తాత అయితే ఈపాటికి గిన్నె విసిరేవాడు." ఇంకో ఈనె.

"బాత్రూం తలుపు నీలం రంగుది కదా, ఆకుపచ్చ ఎందుకు వేశారు? క్షమించం." ఇంకోటి.

కాసేపయ్యాక చూసుకుంటే ఈనెలన్నీ గిన్నెలో ఉన్నాయి. బీన్స్ చెత్తబుట్టలో ఉన్నాయి.

"కళ్ళొక చోట, చేతులొక చోట అయితే అంతే మరి," అంది తల్లి కుట్టుమిషను దగ్గర్నుంచి తల ఎత్తకుండానే. "ఇవాళ ఏమంటున్నారు జనం?"

"బాగుందంటున్నారమ్మా."

"మరి నా నవ్వు గురించి?"

"అదీ బాగుందనే అంటున్నారు."

చెత్తబుట్టలోంచి బీన్స్ ఏరుకుంటూ చెప్పింది కాబట్టి మొహం చూపించాల్సిన పని తప్పింది.

చీమ అనేది ఆమె అసలు పేరు కాదు. చిన్నప్పుడు చప్పుడు లేకుండా ఇల్లంతా తిరుగుతూ, ఎక్కడ ఏమున్నదీ చూసి పెట్టుకునేదని తండ్రి పెట్టిన పేరు. ఆ గుణమే ఇప్పుడు ఆమెకు ఉద్యోగమైంది. టీవీ చానల్లో ప్రేక్షకుల విభాగంలో పని. వచ్చిన కామెంట్లన్నీ చదివి నాలుగు కుప్పలు పోయాలి: మెచ్చినవి, నొచ్చినవి, తిట్లు, సలహాలు. గురువారం ఉదయం పదింటికల్లా ఒక పేజీ రిపోర్టు ఇంటి నుంచే పంపి, మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్ళాలి.

రెండు వారాలుగా ఆ కుప్పలన్నీ ఒకే సీరియల్ గురించి. పాతికేళ్ళ కిందట 'మా ఇంట్లో ఏడుగురం' అని ఆదివారం ఆదివారం వచ్చేది. ఏడుగురు మనుషులు, ఒకటే బాత్రూం. అంతే కథ. జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఇప్పుడు దాన్నే కొత్త నటులతో, కొత్త ఇంటితో 'మళ్ళీ ఏడుగురం' అని మొదలుపెట్టారు.

పాత సీరియల్లో ఏడుగురు కాక ఎనిమిదో మనిషి కూడా ఉండేది. తెర మీద కనిపించేది కాదు, వినిపించేది. ప్రతి జోకుకూ ఒక ఆడమనిషి నవ్వు. నిండు బిందె వంచినట్టు గబగబా మొదలై, చివర్న ఒక్క ఎక్కిలితో ఆగేది. ఆ ఎక్కిలి కోసమే జనం జోకు అయ్యాక కూడా కదిలేవాళ్ళు కాదు. ఆ నవ్వు చీమ తల్లిది. స్టూడియోలో ఆమె దుస్తుల గదిలో పనిచేసేది. చొక్కాల చిరిగిన చేతులు కుట్టడం, వాటిని ఇస్త్రీ చేయడం. సీను నడుస్తుంటే ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి ఆమె నవ్వు ఆపుకోలేకపోయేది. రెండుసార్లు కేకలేసి, మూడోసారికి సౌండాయన ఆ బల్ల పక్కనే ఒక మైకు పెట్టేశాడు.

కొత్త డైరెక్టరు ఆ నవ్వు వింటూ పెరిగినవాడు. "టైలరమ్మ నవ్వు లేకపోతే అది ఏడుగురమే కాదు" అని మనిషిని పంపి పిలిపించాడు. అప్పట్నుంచి గురువారం గురువారం ఆమె స్టూడియోకు వెళ్ళి గాజు గదిలో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎర్ర లైటు వెలిగినప్పుడల్లా నవ్వి వస్తోంది. కొత్త చెప్పులు కొనుక్కుంది. జుట్టుకు రంగు వేసుకుంది. ఎన్నేళ్ళకో మిషను తొక్కుతూ కూనిరాగం తీసింది.

ఫోన్లో మాత్రం సంగతి వేరే ఉంది. "ఎవరండీ ఆ నవ్వేది, చక్కిలిగిలి పెట్టి నవ్విస్తున్నారా?" "గ్లాసు జారి పడ్డట్టుంది." "ఆ నవ్వుకో దండం. తీసేయండి." మొదటి వారం నలభై. రెండో వారం మూడు వందల పన్నెండు. ఇవాళ మధ్యాహ్నమే ఆఫీసులో చీమ పై అధికారి, మేడమ్, ఫోన్ చేసింది.

"చూడమ్మా, మీ అమ్మ అని మొహమాటపడి లెక్క తగ్గించావంటే నీ ఉద్యోగానికే ఎసరొస్తుంది. పైవాళ్ళు రేపటి రికార్డింగ్ వింటారు, నీ రిపోర్ట్ చూస్తారు. అప్పటికీ ఇలాగే ఉంటే నవ్వు తీసేస్తారు. ఆమెని ఇంక పిలవరు."

అప్పట్నుంచి చీమ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. ఫోన్ బోర్లా పెడుతుంది, నిమిషం ఆగి తిరగేస్తుంది. మూడు వందల పదమూడు. మూడు వందల పదహారు. ముందు గదిలో తండ్రి టేబుల్ లైటు స్విచ్ వేస్తున్నాడు, ఆర్పుతున్నాడు. టిక్కు. టిక్కు. బల్బు ఊడదీసి, చెవి దగ్గర ఊపి చూసి, మళ్ళీ బిగిస్తున్నాడు. ఆ లైటులో ఏ లోపమూ లేదు. ఆయన అదే స్టూడియోలో లైట్లు పట్టినవాడు. రోజంతా చేతికి ఏదో ఒక తీగ, ఒక మర లేకపోతే ఆయనకు తోచదు.

అప్పుడే ఎదురింటి పిన్ని జిప్పు పోయిన సంచీతో వచ్చింది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

"అక్కా, ఈ జిప్పు కాస్త చూడు. అయినా నువ్వేం మనసులో పెట్టుకోకు. జనం నోటికి తాళాలు వేయగలమా?"

మిషను ఆగింది. "ఏమన్నారు జనం?"

పిన్ని చీమ వైపు చూసింది. చీమ కళ్ళతో వద్దంది. ఆ సైగ తల్లి కంట కూడా పడింది.

"అంటే... ఏం లేదక్కా. నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా పెద్దాళ్ళు! మా ఆయనైతే నీ నవ్వు రాగానే సౌండు తగ్గిస్తాడు, అంతే. చెవి నొప్పి ఆయనకి, ఎప్పట్నుంచో ఉందిలే." సంచీ మిషను మీద పెట్టి, "తొందరేం లేదు, రేపిచ్చినా సరే" అని, వచ్చినంత వేగంగానే వెళ్ళిపోయింది.

తల్లి ఫోన్ కోసం చేయి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. "అంత చిన్న అక్షరాలు నాకు కనపడవు. నువ్వే చదువు."

"ఎందుకమ్మా ఇప్పుడు..."

"చదవమన్నానా?"

చీమ చదివింది. మెత్తగా చదివితే మాటలు మెత్తబడతాయేమో అన్నట్టు నెమ్మదిగా చదివింది. తల్లి కాలు మళ్ళీ మిషను పెడల్ మీద ఆడటం మొదలుపెట్టింది. సూది కింద గుడ్డ లేదు. ఖాళీ సూది పైకీ కిందికీ కొట్టుకుంటోంది. గ్లాసు జారి పడ్డట్టుంది అన్న దగ్గర ఒక్కసారి ఆగి, మళ్ళీ మొదలైంది.

"అబద్ధం ఎందుకు చెప్పావే ఇన్నాళ్ళూ?"

"నువ్వు కూనిరాగం తీస్తున్నావు కదమ్మా," అంది చీమ.

ఇంక చాలంటుందేమో అనుకుంది. తల్లి చాలనలేదు. అలా చదువుతూ కిందికి వెళ్తుంటే ఒక కామెంటు తగిలింది. రాసినాయన 'గడియారాల మెకానిక్' అని సంతకం పెట్టాడు. "అయ్యా, నలభై ఏళ్ళుగా టిక్కు టిక్కు వినే బతుకు నాది. పాత సీరియల్లో ఆ తల్లి నవ్వు జోకు పూర్తి కాకముందే వచ్చేది, అర సెకను ముందు. కొత్తదాంట్లో జోకు అయ్యాక వస్తోంది, అర సెకను వెనక. నవ్వు అదే, వేళ తప్పింది. పరిశీలించగలరు."

"ఇదేంటమ్మా, జోకు వినకుండానే ఎవరైనా నవ్వుతారా?"

చీమ జవాబు కోసం ఆగలేదు. పాత ఎపిసోడ్ ఒకటి వెతికి పెట్టింది. తెర మీద తాతగారు భుజాన తువ్వాలుతో బాత్రూం తలుపు ముందు నిలబడ్డాడు. వరసలో తన ముందు ఆరుగురున్నారు. తువ్వాలు దులిపి, "నేను ఈ ఇంటికి పెద్దని! నా తర్వాతే ఎవరైనా! నా తర్వాతే..." అన్నాడు. అనగానే నవ్వు వచ్చేసింది, నిండు బిందె వంచినట్టు. ఆ నవ్వు సగంలో ఉండగా తాతగారు, "...కానీ బకెట్ ఎవరు తీసుకెళ్ళారు?" అన్నాడు. అప్పుడు ఎక్కిలి.

చీమ వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది. నిజమే. బకెట్ మాట రాకముందే నవ్వు వచ్చింది.

ముందు గదిలో టిక్కు టిక్కు ఆగిపోయింది.

"ఆ ముసలాయన మాటలకి నేనెప్పుడు నవ్వాను కనక?" అంది తల్లి. గొంతు తగ్గించింది. "అది పదిహేను రిహార్సల్స్‌లో విన్నాను. పదహారోసారి కూడా నవ్వొస్తుందా ఎవరికైనా?"

"మరి?"

"పైన నిచ్చెన మీద ఉండేవాడు మీ నాన్న, లైటు పట్టుకుని. కింద తాతగారు నోరు తెరిచేలోపు పైన ఈయన అచ్చం ఆ మొహం పెట్టేసేవాడు. భుజాన ఏమీ లేకపోయినా తువ్వాలు దులిపేవాడు, లేని మీసం సరిచేసుకునేవాడు. అందరూ కెమెరా వైపు చూస్తే, నేను ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి పైకి చూసేదాన్ని. చొక్కాలు ఎన్ని మాడిపోయాయో!"

"సౌండాయనకి తెలీదా?"

"తెలిస్తే ఊరుకుంటారా? లైటు కదుల్తోందని ఎప్పుడూ తిట్లే. ఎందుకు కదులుతోందో ఎవరూ తల ఎత్తి చూడలేదు." తల్లి మిషను మీద చేతులు పెట్టుకుంది. "ఇప్పుడా గాజు గదిలో ఎవర్ని చూసి నవ్వను? ఎర్ర లైటుని చూసా?"

ఈ ఇంట్లో నాన్న జోకులేసేవాడన్న సంగతి చీమకు గుర్తుంది. ఎప్పుడు మానేశాడో కూడా గుర్తుంది. స్టూడియోకు కంప్యూటర్‌తో తిరిగే లైట్లు వచ్చి, నిచ్చెన మనుషులు ఇంక అక్కర్లేదన్న ఏడాది అది. అప్పుడు చీమకు పన్నెండేళ్ళు. ఒక మధ్యాహ్నం గ్యాసు అయిపోయింది. తండ్రి ఖాళీ సిలిండరు మీద తట్టి, పిల్లాణ్ణి లేపినట్టు, "లేవరా నాయనా, తెల్లారింది" అన్నాడు. తల్లి అప్పటికి పొద్దుట్నుంచి ఇంటి పనితో నిలబడే ఉంది. "ఇంట్లో కూర్చుని జోకులేస్తే పొయ్యి వెలుగుతుందా?" అంది. అంతే. గొడవ లేదు, అలక లేదు. మర్నాడే ఆయన ఒక అపార్ట్‌మెంట్లో ఎలక్ట్రీషియన్ పనికి కుదిరాడు. పొయ్యి వెలిగింది. ఆయన మళ్ళీ జోకు వేయలేదు. పదమూడేళ్ళుగా ఇద్దరి మధ్యా మందులు, కరెంటు, తలుపు గడియ, అంత మేరకే మాటలు. అందులోనూ సగం "మీ నాన్నకి చెప్పు", "మీ అమ్మనడుగు" అని చీమ మీదుగానే నడిచేవి.

ఆ బుధవారం సాయంత్రం ముందు గదిలోంచి తండ్రి రాలేదు. టిక్కు మని కూడా వినిపించలేదు. పిన్ని సంచీకి జిప్పు తిరగేసి కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టింది తల్లి.

గురువారం పొద్దున ఆమె మూడుసార్లు బయల్దేరింది. గుమ్మం దాటి గొడుగు కోసం వెనక్కి వచ్చింది. మెట్లు దిగి అద్దాల కోసం వచ్చింది. మూడోసారి దేనికి వచ్చిందో ఆమెకే తెలియలేదు. అద్దం ముందు నిలబడి, నోరు తెరిచి, ఒక్కసారి నవ్వి చూసుకుంది. గ్లాసు జారి పడ్డట్టే ఉంది. చీమ తల తిప్పుకుంది.

"ఇదే ఆఖరేమోలే," అంది తల్లి. "పదిన్నరకి రికార్డింగ్. తలుపు వేసుకో."

తండ్రి టీ గ్లాసుతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె మెట్లు దిగిన చప్పుడు పూర్తిగా ఆగేదాకా గ్లాసు కదపలేదు.

"చీమా."

"ఏంటి నాన్నా?"

"ఆ గాజు గది... లోపలున్నవాళ్ళకి బయట మనిషి కనిపిస్తాడా?"

"ఒక వైపంతా అద్దమే నాన్నా. అవతల సౌండువాళ్ళు కూర్చుంటారు. వాళ్ళ వెనక నిలబడితే కనిపిస్తారు."

ఆయన తల ఊపి లోపలికి వెళ్ళాడు. టీ సగం అలాగే ఉంది.

చీమ రిపోర్టు ముందు కూర్చుంది. లెక్క తగ్గించలేదు. నవ్వు గురించి నొచ్చినవి మూడు వందల నలభై ఒకటి అని ఉన్నది ఉన్నట్టు కొట్టింది. గడియారాల మెకానిక్ కామెంటును మాత్రం నొచ్చినవాటిలోంచి తీసి సలహాల్లో పెట్టింది. చదివి, మళ్ళీ నొచ్చినవాటిలో పెట్టింది. కుర్చీలోంచి లేచింది, కూర్చుంది. చివరికి సలహాల్లోనే, అన్నిటికంటే పైన పెట్టింది. పదికి ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది. పంపే మీట మీద వేలు పెట్టి, నొక్కకుండానే తీసేసింది.

పడకగది తలుపు ఓరగా ఉంది. ఆ సందులోంచి బీరువా అద్దం కనిపిస్తోంది. అద్దంలో తండ్రి. గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. కనుబొమలు పైకి లాగి, కింది పెదవి ముందుకు తోసి, లేని మీసాన్ని సరిచేసుకున్నాడు. కుదరలేదు. తుప్పు పట్టిన మడతబందులా మొహం ఒక వైపే కదిలింది. రెండు చేతులతో మొహం రుద్దుకుని మళ్ళీ పెట్టాడు. ఈసారి ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, పాతికేళ్ళ కిందటి తాతగారు అద్దంలోంచి ఇటు చూశాడు.

చీమ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

ఆయన బయటికి వచ్చాడు. చీమ వైపు చూడలేదు. బాత్రూం తలుపుకు వేలాడుతున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. అది ఇంకా తడిగానే ఉంది, చొక్కా మీద నీటి మరక పాకింది. ఎక్కడికన్న ప్రశ్న చీమ నోటిదాకా వచ్చింది. ఎక్కడికో తెలుసు. వేళకు చేరతాడో లేదో తెలియదు. చేరినా అమ్మ తల ఎత్తి చూస్తుందో లేదో తెలియదు. ఫోన్ మోగింది, కొత్త కామెంటేదో. చీమ చూడలేదు. ఆయన చెప్పులు తొడుక్కుని, ఒక చెప్పు కుదరక గుమ్మంలోనే రెండుసార్లు కాలు విదిలించి, తలుపు దగ్గరగా వేయకుండానే గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.