ఉత్తరం వైపు తిరిగే పిడి

పిల్లలూ, ఈ కథ మీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇందులో తుపాకి ఉంది, చెప్పాలా వద్దా అని తటపటాయించాను. అది ఒక్కసారి కూడా పేలదు. ముందే చెబుతున్నాను, భయపడకుండా వినండి.

మన రౌండప్ ఊళ్ళో లైల్ అనే ఆయన గుర్రాల జీనులు బాగుచేస్తుండేవాడు. రోజూ పొద్దున్నే కాఫీ పెట్టుకుని, వంటింటి కిటికీ గట్టు మీదున్న పొగాకు డబ్బా మూత తీసి, ఒకసారి చూసి మళ్ళీ మూసేవాడు. అందులో రివాల్వర్ పిడికి రెండు పక్కలా బిగించే పలకలు ఉండేవి. దుప్పి కొమ్ముతో చేసినవి. ఒకదాని మీద పరుగెత్తే గుర్రం, రెండోదాని మీద అడవి గులాబీ. రెండింటినీ ఒక స్క్రూతో కలిపి ఉంచాడు. పడుకునే ముందు ఎటు తిప్పి పెట్టినా, తెల్లారేసరికి ఆ పిడి ఉత్తరానికి తిరిగి ఉండేది.

ఊరందరికీ తెలిసిన సంగతే అది. టపా పంచే కెర్మిట్ అప్పుడప్పుడూ వచ్చి అడిగేవాడు.

"లైల్, ఓ గంట మీ పిడి ఇవ్వవూ? గాలికి మా యాంటెన్నా తిరిగిపోయింది, దిక్కు చూసి నిలబెట్టాలి."

"గంటంటావు, వారం ఉంచుకుంటావు. పోయినసారి పిడితో పాటు మా నిచ్చెన కూడా పట్టుకుపోయావు" అనేది లైల్ భార్య వర్నా.

అది ఎందుకు అటే తిరుగుతుందో మాత్రం ఆ మొగుడూ పెళ్ళాలకే తెలుసు. పిడి తన తుపాకి ఎక్కడుంటే అటు తిరిగేది.

ఆ తుపాకి లైల్ వాళ్ళ నాన్నది. గొర్రెల మందల వెంట కొండలన్నీ తిరిగిన మనిషి. పోయేటప్పుడు జీను పెద్దకొడుకు ఓర్విల్‌కీ, రివాల్వర్ చిన్నకొడుకు లైల్‌కీ ఇచ్చాడు. అప్పుడు లైల్‌కి ఇరవై నాలుగేళ్ళు. ఏడాది తిరక్కుండానే, పడమటి నుంచి వచ్చినవాడికి సంతలో ఆ తుపాకి ఇచ్చేసి, బదులుగా మంచు మీద నడిచే బండి తెచ్చుకున్నాడు. రెండో చలికాలంలో చెరువు మంచు విరిగి ఆ బండి అడుక్కి పోయింది.

తుపాకి ఇచ్చేసిన ఏడాదే, క్రిస్మస్‌కి ఓర్విల్ తాను కాపురముండే మాల్టా ఊరి నుంచి ఒక పొట్లం తెచ్చాడు.

"విప్పరా. నాన్న మంచాన ఉన్నప్పుడే తుపాకి చట్రం కాగితం మీద గీసుకున్నాను. పది నెలలు పట్టింది. ఏదీ, తుపాకి తే, బిగిద్దాం."

"బాగుచెయ్యడానికి ఇచ్చానన్నయ్యా. స్ప్రింగు పోయింది."

ఆ మాటకి ఇంకో మాట అతుకుతూ ముప్పై ఒక్క ఏళ్ళు గడిచాయి. ఓర్విల్ కొన్నాళ్ళకి అడగడం మానేశాడు. అడగకపోవడం లైల్‌కి మరీ కష్టంగా ఉండేది. పలకల లోపలి వైపు, ఆ పని చేసేవాళ్ళ ఆనవాయితీ ప్రకారం, ఓర్విల్ తుపాకి నంబరులోని చివరి అంకెలు పెన్సిల్‌తో రాశాడు. 417. వేరే తుపాకి పలకలతో కలిసిపోకుండా అలా రాస్తారు.

మొదట్లో పిడి పడమటికి తిరిగేది. పిడి వచ్చిన తొమ్మిదో ఏట ఒకరోజు ఉత్తరానికి తిరిగి, అక్కడే నిలిచిపోయింది. లైల్ ఒకసారి దాన్ని బండిలో ముందు పెట్టుకుని, పొద్దున అది చూపిన దిక్కునే పోయాడు. మిస్సోరీ నది దాటాడు. దూరాన మాల్టా గోధుమ గిడ్డంగులు కనిపించగానే బండి ఆపేశాడు. అన్న ఎదురుపడితే ఏమని చెప్పాలి? బండి వెనక్కి తిప్పేశాడు.

ఆ ముప్పై ఒకటో ఏట వేసవిలో ఓర్విల్ ఫోన్ చేశాడు.

"చలికాలం దాకానే నా కళ్ళు అంటున్నాడ్రా డాక్టరు. ఇప్పుడే నడిమధ్యన మసక. కోడిలా తల పక్కకి పెట్టి చూస్తున్నా. వచ్చే శనివారం మా అమ్మాయి బండి తోలుతుంది, వస్తా. నేను చెక్కింది నాన్న తుపాకి మీద ఒక్కసారి చూడనీ."

"రా అన్నయ్యా" అన్నాడు లైల్.

మర్నాడే లూయిస్‌టౌన్‌లో తుపాకుల సంత. లైల్ పలకలు జేబులో పెట్టుకుని వెళ్ళి, నలభై పాత రివాల్వర్ల మీద ఆనించి చూశాడు. ఒక్కటీ కుదరలేదు. చివరి బల్ల దగ్గర గడ్డపాయన పలకల్ని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు.

"ఇది పనిమంతుడి చెయ్యి. దేనికి చేశాడో దానికే పడతాయివి, పెద్దాయనా. ఇదిగో, నా దగ్గరున్న వాటిలో ఇది కాస్త దగ్గర. ఆకురాయితో కొంచెం రాస్తే కూర్చుంటాయి. నేనైతే చచ్చినా రాయను."

లైల్ తన వేట తుపాకి ఇచ్చి, బదులుగా దాన్ని తెచ్చుకున్నాడు. మళ్ళీ మార్పిడే.

శనివారం పొద్దున వంటింటి బల్ల మీద ఆకురాయి, పరాయి రివాల్వర్, విడదీసిన పలకలు పెట్టుకుని కూర్చున్నాడు. వర్నా కేకుకి పిండి కలుపుతోంది.

"బావగారికి నిజం చెప్పేస్తే ఏం పోతుంది?"

"కళ్ళు పోయే ముందు ఆయన చూడాల్సింది నా అబద్ధాన్నా?"

"ఇప్పుడు నువ్వు చూపించబోయేదీ అదేగా."

లైల్ గులాబీ పలక తీసుకుని ఆకురాయితో అరగదీయసాగాడు. తెల్లటి పొడి రాలింది. లోపలి అంకెలు కూడా పొడిలో కలిసిపోయాయి. పలక చట్రం మీద దాదాపు కూర్చుంది.

గుర్రం పలక అందుకోబోతే అది బల్ల మీద కదిలింది. ఎవరైనా చూస్తుండగా అది అంతకుముందెప్పుడూ కదల్లేదు. ఉత్తరం నుంచి పడమటి వైపుకి, గడియారం ముల్లంత మెల్లగా జరుగుతోంది. తుపాకి దారిలో ఉంది. లైల్ గోడ గడియారం చూశాడు. మాల్టాలో ఏడింటికి బయల్దేరిన బండి ఈపాటికి వాయవ్యాన ఉన్న గ్రాస్ రేంజ్ ఊరి దగ్గర మలుపు తిరిగి ఉంటుంది. ఈ పూట ఆ దారిన ఎవరు వస్తున్నారో అతనికి తెలుసు.

వర్నా కూడా చూసింది. పొడి ఊడవడానికి చీపురు అందించింది. లైల్ తీసుకోలేదు. పొడి బల్ల మీదే ఉంది. గుర్రం పలక గేటు వైపు తిరిగి ఆగేదాకా అలాగే కూర్చుని, అప్పుడు టోపీ కూడా పెట్టుకోకుండా బయటికి నడిచాడు.

ఓర్విల్ బండి దిగి, తల పక్కకి పెట్టి తమ్ముణ్ణి చూశాడు.

"అన్నయ్యా, నాన్న తుపాకి మార్చేశాను. మంచు బండి కోసం. నువ్వు పిడి తెచ్చే నాటికే అది నా దగ్గర లేదు. పొద్దున వేరే తుపాకికి పట్టించాలని ఒక పలక ఆకురాయితో అరగదీశాను కూడా."

ఓర్విల్ బండి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏ పక్క?"

"గులాబీ పక్క."

"గులాబీయే కాస్త కుదిరిందిరా. ఆ గుర్రానికి నాలుగూ మేక కాళ్ళే" అని, సీటు కింద నుంచి తువ్వాలు చుట్టిన మూట తీశాడు. "ఇరవై రెండేళ్ళ కిందట మా ఊరి పశువుల సంతలో నాన్న తుపాకి ఒకడి నడుముకి కనిపించింది. బతిమాలి తీసుకున్నా. నువ్వు చెబుతావేమోనని చూస్తూ కూర్చున్నా. ఇవాళ నువ్వు ఇంకో తుపాకి చూపిస్తే బాగుందని చెప్పి, కేకు తిని, ఇంక ఈ గుమ్మం తొక్కకూడదనుకున్నా."

"ఒకసారి మీ ఊరి దాకా వచ్చి వెనక్కి తిరిగాను."

"తుపాకి దొరికాక నేను మాత్రం నోరు తెరిచి అడిగానా?"

లోపల ఓర్విల్ తడుముకుంటూ పలకలు బిగించాడు. గుర్రం పక్క చర్మంలా అతుక్కుంది. గులాబీ పక్క గోరు మందం సందు పడింది. ఓర్విల్ బొటనవేలు ఆ సందు వెంట పోయి ఆగింది. లైల్ తల దించుకున్నాడు.

"ఉండనీ. చలికాలం తర్వాత ఏది ఏ పక్కో నాకు దీంతోనే తెలుస్తుంది. లోపల అంకెలు పోయాయి కదూ? మళ్ళీ రాయి. నాకు కనపడదు."

స్క్రూ విప్పి వర్నా పెన్సిల్ ఇచ్చింది.

"చట్రం మీద చూసి చెప్పమంటావా?" అంది.

"అక్కర్లేదు" అన్నాడు లైల్. 417 అని రాశాడు.

పలకలు బిగించిన తుపాకి ఓర్విల్‌తోనే మాల్టా వెళ్ళింది. పిడి మళ్ళీ ఎటూ తిరగలేదు. కెర్మిట్ సణుక్కుంటూ దిక్సూచి కొనుక్కున్నాడు. ఆ చలికాలంలో ఓర్విల్ చూపు పోయింది. నెలకోసారి లైల్ వెళ్ళేవాడు. అన్న పిడి పట్టుకుని కబుర్లు చెబుతుంటే ఆ బొటనవేలు సందు దగ్గర ఆగేది, లైల్ మాట కూడా అక్కడే ఆగేది.

పిల్లలూ, రేపు మీరు ఈ కథ మీ పిల్లలకి చెప్పండి. ఊరి పేర్లు మరిచిపోయినా పర్వాలేదు. ఆ గోరు మందం సందు మాత్రం పూడ్చకుండా చెప్పండి.