కొట్టేసిన కామా

అంత్యప్రాస అయిపోయింది, ఇక అలంకారాలు చెప్పేస్తే గంట కొట్టేస్తారు, అనుకుంటూ తెలుగు టీచరు చేతికంటిన సుద్ద దులుపుకుని బోర్డు వైపు మళ్ళీ మురిపెంగా చూసుకుంది, రాను రాను, ఇల్లు చిన్నదవుతోంది, అమ్మ గొంతు పెద్దదవుతోంది, తలుపు దగ్గరవుతోంది, రాను రాను, అంతే కవిత, రాసింది తన కూతురేనని క్లాసులో చెప్పకుండా ఉండడానికి నాలుక కరుచుకోవాల్సి వచ్చింది, పొద్దున ఇద్దరూ బయల్దేరే హడావుడిలో అమ్మా ఒకసారి చూడవా అని కాగితం చేతిలో పెట్టింది, ఉద్యోగం చేస్తున్న పిల్ల, చివరి రెండు మాటల మధ్య కామా పెట్టింది పిచ్చిమొద్దు, రాను రాను అంటే క్రమంగా అని, జంట మాటను విడదీయకూడదు అని ఎర్రపెన్నుతో కొట్టేసి ఇచ్చింది, తప్పు కనబడితే ఊరుకోవడం తన వల్ల కాదు, మొదలైన మాటతోనే ముగిసింది కాబట్టి దీని రూపం వలయం, గొంతు పెద్దదవడం అతిశయోక్తి, ఏ అమ్మ గొంతైనా అంతేగా అంటే పిల్లలు నవ్వారు, తనూ నవ్వింది.

ఏదీ ఒకసారి చదువమ్మా అని ముందు బెంచీ పిల్లను లేపింది, పాపం పడిశం పట్టి ఉంది, చివరి పాదంలో రాను అని, ముక్కు ఎగబీల్చడానికి ఆగి, మళ్ళీ రాను అంది, టీచరు చేతిలో సుద్ద జారి పడింది, రాను, రాను, వస్తావా అంటే రానని చెప్పినట్టు, ఇది క్రమంగా కాదు, ఇది శ్లేష, లేదు లేదు, కవితలో మాట్లాడేది కవే కానక్కర్లేదని ఏటా చెప్పేది తనేగా, మరి పొద్దున భుజాన అంత పెద్ద బ్యాగెందుకు, ఆఫీసుకి ఇదేమిటే అంటే ఏదో చెప్పింది, వినలేదు, పెన్ను మూత వెతుక్కుంటోంది తను, కామా తీసేశావా అమ్మా అని అడిగింది, తప్పు కదే, తీసేశాను అంది, అది కాసేపు కాగితం వైపే చూసి, సరే, వెళ్తాను అంది, వెళ్ళొస్తాను అనలేదు, ఎవరు వెళ్తానన్నా వెనక్కి పిలిచి వెళ్ళొస్తాననిపించే మనిషి, ఇవాళ ఆ ఒక్క తప్పూ పట్టుకోలేదు.

ఏమైంది మేడమ్, కూర్చోండి అంటున్నారెవరో, టీచరు ఇంకో సుద్దముక్క తీసి ఆ రెండు మాటల మధ్య కామా పెట్టింది, గుమ్మం దాటే ముందు కూతురు ఆగింది ఇక్కడే, ఉండిపోవే అంటుందేమోనని అమ్మ మొహం వైపు చూస్తూ ఆగింది, ఆ ఆగిన చోటునే తను తప్పని కొట్టేసింది.