తులువిక్ మిద్దె మీద ట్యాంకు

మధుకర్ పుట్టి బుద్ధెరిగాక మంచు అనేదాన్ని కళ్లారా చూడలేదు. రసజ్ఞ కూడా చూడలేదు. అయినా ఆమె చేసిన మంచును తెరమీద చూస్తే, ఎవరైనా లేచి ఏసీ కాస్త తగ్గించమని అడిగేలా ఉండేది. మధుకర్‌కు ఒళ్లు మండేది అక్కడే.

వాళ్ల ఆఫీసు కొండాపూర్‌లో, కింద టిఫిన్ సెంటరూ మధ్యలో పళ్ల డాక్టరూ ఉన్న ఒక బిల్డింగు పై అంతస్తులో ఉంది. ఇంట్లో కంప్యూటరు ముందు కూచుని విమానం నడుపుకునే సరదా మనుషులు లోకమంతా ఉన్నారు. వాళ్లకు విమానం ఒక్కటే అచ్చంగా ఉంటే సరిపోదు, అది దిగే చోటు కూడా అసలుదానిలాగే ఉండాలి. అలాంటి విమానాశ్రయాలను ఫోటోలు చూసి, ఉపగ్రహం తీసిన బొమ్మలు చూసి, ఒక్కొక్క రేకూ ఒక్కొక్క రాయీ పేర్చి కంప్యూటర్లో కట్టడమే ఇక్కడి పని. నడిపేది సుబ్రహ్మణ్యం. గోదావరి జిల్లా మనిషి, గొంతు పెద్దది, మనసులో ఏదీ దాగదు.

ఈసారి చేతిలో ఉన్నది తులువిక్. కెనడా దేశపు ఉత్తరపు కొసన, సముద్రం కూడా గడ్డకట్టే చోట ఒక పల్లె. రోడ్డు లేదు. ఉప్పు కావాలన్నా మందు బిళ్ల కావాలన్నా విమానంలో రావలసిందే. కంకర పోసిన రన్‌వే, రేకు గోడలూ చదును మిద్దే ఉన్న ఒక టెర్మినల్, ఒక షెడ్డు, ఊరికి కరెంటిచ్చే డీజిల్ పవర్‌హౌస్. అంతే విమానాశ్రయం. జీవితమంతా అక్కడ విమానాలు నడిపి రిటైరైన గోర్డన్ అనే పెద్దాయన ఫోటోలు పంపాడు, సంగతులు చెప్పాడు. పని పూర్తయ్యాక ఆయనే దిగి చూసి, ఇది తులువిక్ అవునో కాదో చెప్పాలి.

అందులో నేల మధుకర్‌ది. నేల మీద ఉన్నదంతా, పడినదంతా రసజ్ఞది.

మధుకర్‌ది పరిగి దగ్గర పల్లె. మాట తక్కువ. నేలంటే మాత్రం అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. బండి చక్రం పోయేచోట కంకర ఎలా పక్కలకు జరుగుతుందో, జరిగిన చోట మన్ను ఎలా మెత్తబడి నిగనిగలాడుతుందో, అన్నీ కట్టాడు. ఒకప్పుడు ఆఫీసుకు ఎవరొచ్చినా సుబ్రహ్మణ్యం వాళ్లను నేరుగా అతని కుర్చీ దగ్గరికే తెచ్చేవాడు. "మావాడి మట్టి చూడండి, చెయ్యి పెట్టి దులపబుద్ధేస్తుంది" అనేవాడు. కిందటి ఏడు రసజ్ఞ చేరింది. ఆ తర్వాత వచ్చినవాళ్ల వీపులే మధుకర్‌కు కనిపించడం మొదలైంది.

ఆమె మీద కోపం తెచ్చుకుందామంటే కారణం దొరకదు. అమలాపురం పిల్ల. అందరినీ గారూ అంటుంది, డబ్బా మూత తీస్తే నలుగురికీ పెట్టాకే తింటుంది. కారణం దొరకని కోపం మరీ చెడ్డది. ఎటూ పోదు, ఉన్నచోటే ఉడుకుతుంది. ఎవరు ఆమె కుర్చీ దగ్గర ఎంతసేపు నిలబడ్డారో, ఎవరు ముందుకు వంగి చూశారో, మధుకర్ తల తిప్పకుండానే చెప్పగలడు. ఆమె ముక్కు ఎగబీల్చిందంటే పని బాగా కుదిరిందన్నమాట. ఆ చప్పుడు వినపడ్డప్పుడల్లా అతనికి మధ్యాహ్నం తిన్న అన్నం అడ్డం పడేది.

పైగా సుబ్రహ్మణ్యం ఒక మాట అనేశాడు. "గోర్డన్ గారు చూసి సరేనన్నాక, తర్వాతి ఎయిర్‌పోర్టు మీ ఇద్దర్లో ఒకరి చేతిలో పెడతానర్రా. నేను ఊరికే కుర్చీలో కూచుని కాఫీ తాగుతా." ఎన్నో ఏళ్లుగా ఆ మాట కోసం మధుకర్ చూస్తున్నాడు. వచ్చేసరికి అందులో ఇంకొకరికి కూడా చోటుంది.

గోర్డన్ చూడడానికి ముందురోజు పొద్దున, పుప్పాలగూడలో కిరాయి ఇంట్లో, మధుకర్ షర్టు గుండీలు పెట్టుకుంటుంటే భార్య నవనీత వంటగదిలోంచి కేక వేసింది.

"ఏమయ్యా, జర మోటర్ బంద్ చెయ్యి! ట్యాంకు నిండి గోడ పొంటి కారుతున్నది. కిందామె మళ్ల లొల్లి వెడ్తది."

మోటారు ఆపి, నీళ్లు ఆగాయో లేదో చూడడానికి మిద్దె ఎక్కాడు. కనుచూపు మేర మిద్దెలే. మిద్దె మిద్దెకూ ఒక నల్ల ట్యాంకు. కొత్త టవర్ల నీడలో పాత పుప్పాలగూడ ఇళ్ల మీద అవి బర్రెల్లా కూచున్నాయి. చూస్తూ ఉన్నవాడికి ఏదో మెదిలింది. ఇలాంటిదే ఇంకెక్కడో చూశాడు. నిన్ననే చూశాడు. మొన్నా చూశాడు.

తులువిక్‌లో చూశాడు.

ఆఫీసుకు పోతూనే కంప్యూటర్లో తులువిక్ సీను తెరిచాడు. వాళ్ల పద్ధతిలో ఒకే సీనులో ఇద్దరూ ఒకేసారి పనిచేస్తారు. ఎవరు ఎక్కడ తిరుగుతున్నారో తెలియడానికి ఒక్కొక్కరూ ఒక రంగు పెట్టెలా అందులో కనిపిస్తారు. మధుకర్‌ది ఆకుపచ్చ, రసజ్ఞది పసుపుపచ్చ. పసుపు పెట్టె అప్పటికే దూరంగా షెడ్డు దగ్గర తచ్చాడుతోంది. ఆకుపచ్చ పెట్టె టెర్మినల్ మిద్దె మీదికి పోయి ఆగింది.

ఉంది. నల్లగా, వరసలు తేలిన పొట్టతో, పక్కన కిందికి దిగే పైపుతో నీళ్ల ట్యాంకు. మూత మీద వేలెడు మందాన మంచు కూడా పడింది. ఎంత బాగా పడింది!

ఉపగ్రహం బొమ్మలో ఆ మిద్దె మీద ఏదో గుండ్రటి నల్ల మచ్చ ఉంది. అది మసో, నీడో, మరొకటో. రసజ్ఞ చెయ్యి దాన్ని ట్యాంకు చేసేసింది. తులువిక్‌లో నీళ్లు బయట పెడితే నువ్వు వెనక్కి తిరిగేలోపు రాయవుతాయని, అందుకే లారీలో తెచ్చి ఇంటి లోపల వెచ్చటి గదిలో దాచుకుంటారని గోర్డన్ మొదటిరోజే చెప్పాడు. ముగ్గురూ విన్నారు. విన్న మధుకరే ఆ ట్యాంకు పక్కనుంచి ఎన్నోసార్లు పోయాడు. మిద్దె మీద ట్యాంకు లేకపోతే కదా కంటికి గుచ్చుకునేది!

అతను ఆ ట్యాంకును చూస్తూ ఉండిపోయాడు. మొదట చెబుదామనే అనుకున్నాడు. తర్వాత గోర్డన్ మొహం గుర్తొచ్చింది. ఆ మొహం చిట్లించుకోవడం, సుబ్రహ్మణ్యం నాలుక కరుచుకోవడం, రసజ్ఞ తల దించుకోవడం, వరసగా కళ్లముందు ఆడాయి. ఆట బాగుంది. మరోసారి వేసుకుని చూశాడు.

"మధుకర్ గారూ," రసజ్ఞ కుర్చీ తిప్పి అడిగింది. "ఏమైనా తేడా ఉందాండీ? రేపే కదా కాల్. నాకు నిన్నట్నుంచి చేతులు ఆడట్లేదు."

"ఏం లేదు. మంచిగనే ఉన్నది."

ఆ రాత్రి అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు. "ఏంది, ఇయ్యాల శానా ఖుషీగున్నవ్?" అంది నవనీత. దానికి కూడా ఏం లేదనే అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వీడియో కాల్ మొదలైంది. గోర్డన్‌కు అది రాత్రి. తెల్ల గడ్డం, ఉన్ని టోపీ, వెనకాల గోడమీద పాత విమానం ఫోటో. ముగ్గురూ పెద్ద తెర ముందు కూచున్నారు. ఆయన తన ఇంట్లోంచే చిన్న విమానాన్ని సముద్రం మీదుగా తిప్పి తెచ్చాడు. తులువిక్ దగ్గరపడింది. చక్రాలు కంకరను తాకాయి. రాళ్లు రెక్కల కింద టపటపమన్నాయి. కంకర మీద ఒక్క మాటన్నా వస్తుందని మధుకర్ చూశాడు. గోర్డన్ అక్కడ ఆగలేదు. విమానాన్ని మలుపు తిప్పి టెర్మినల్ ముందుకు తెచ్చి ఆపాడు. ఆపి, ముందుకు వంగాడు.

"ఆ పైన ఉన్నదేమిటి?"

మధుకర్ తల తిప్పకుండానే రసజ్ఞను చూశాడు.

"వాటర్ ట్యాంక్, సర్," అంది రసజ్ఞ. అన్న మరుక్షణం రెండు చేతులతో నోరు మూసుకుంది. "అయ్యో! గడ్డకట్టేస్తాయి కదా నీళ్లు!"

గోర్డన్ కాసేపు అలాగే చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు మళ్లీ నవ్వయింది. కళ్లు తుడుచుకుంటూ లోపలున్న భార్యను కేకేశాడు. ఆమె వచ్చి, చూసి, ఆమె కూడా నవ్వింది. రసజ్ఞ చెవులదాకా ఎర్రబడి, మా ఊళ్లో ట్యాంకు లేని మిద్దె ఉండదు సర్, చెయ్యి దానంతటదే పెట్టేసింది అని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పుకుంది.

నవ్వు ఆగాక గోర్డన్ మెల్లగా అన్న మాట మధుకర్ ఈ జన్మలో మరిచిపోడు. "అమ్మాయీ, ఇది కట్టినవాళ్లు మంచు చూడనివాళ్లని నాకు గుర్తే లేదు. ఆ ట్యాంకు కనపడేదాకా నేను తులువిక్‌లోనే ఉన్నాను."

అమ్మేదాంట్లోంచి ట్యాంకు తీసేయండి, నాకు పంపేదాంట్లో మాత్రం ఉంచండి అని కూడా అన్నాడు. సుబ్రహ్మణ్యం బల్ల చరిచి నవ్వాడు. మూడురోజులు గొంతెత్తి చెప్పుకోవడానికి ఆయనకు కథ దొరికింది.

"మరి రన్‌వే ఎలా ఉందండీ?" అని సుబ్రహ్మణ్యమే అడిగాడు, పాపం.

గోర్డన్ గడ్డం గోక్కున్నాడు. "రన్‌వేనా? దాని సంగతి ఆలోచించలేదే. దిగానంతే."

కాల్ అయిపోయింది. "తర్వాతి ఎయిర్‌పోర్టు రసజ్ఞ చూసుకుంటుంది," అన్నాడు సుబ్రహ్మణ్యం. "నేల మటుకు నీదేనయ్యా మధూ. విన్నావా ఆయనన్నది? అంతకంటే పొగడ్త ఉంటుందా!"

మధుకర్ తల ఊపాడు. ఆ పొగడ్త అతనికి గొంతు దిగలేదు. ఎవరూ చూడని పనే గొప్ప పని కావచ్చు. అయినా ఒక్కరన్నా చూస్తే బాగుండు. వేలెడంత మంచు పడిన తప్పును కూడా అంత ముద్దు చెయ్యాలా? ఆ ట్యాంకు తన చేతిలోంచి వచ్చి ఉంటే ఎవరన్నా నవ్వేవాళ్లా? ఇన్నేళ్లూ చూసుకోలేదేమయ్యా అనేవాళ్లు. తను నోరు కట్టుకున్నందుకు ఆమెకు తర్వాతి ఎయిర్‌పోర్టు దొరికింది. నోరు విప్పి ఉంటే ట్యాంకూ ఉండేది కాదు, గోర్డన్ మాటా ఉండేది కాదు. ఇది ఎవరికి చెప్పుకోవాలి!

కిందికి దిగి టిఫిన్ సెంటర్ పక్కన చాయ్ తీసుకుంటుంటే రసజ్ఞ వచ్చి పక్కన నిలబడింది. తన కప్పులోకి ఊదుకుంది.

"నిన్న మీ పెట్టె చాలాసేపు అక్కడే ఉంది కదండీ. ట్యాంకు ముందర."

పెట్టె ఆమెకు కనపడుతుందన్న సంగతి అతనికి తెలియనిది కాదు. ఆ పొద్దు తట్టలేదు, అంతే.

"నచ్చి చూస్తున్నారనుకున్నానండీ," అంది. "మీరు దేని ముందరా అంతసేపు ఆగరు. ఆ మూత మీద మంచు మీకు నచ్చిందని ఎంత సంబరపడ్డానో. ఇంటికి ఫోన్ చేసి మా అమ్మతో కూడా చెప్పుకున్నాను."

అందులో దెప్పు ఉందేమోనని అతను వెతికాడు. దొరకలేదు. దొరికితే బాగుండేది.

"చాయ్ సల్లారుతది, తాగు," అన్నాడు.

మధ్యాహ్నం ట్యాంకు తీసేశారు. ఇక అమ్మకానికి పోయేముందు సీనులో గాలి దిక్కు మార్చి మార్చి చూడమన్నాడు సుబ్రహ్మణ్యం. మధుకర్ గాలిని సముద్రం వైపుకు తిప్పాడు. రన్‌వే పక్కన స్తంభానికి నారింజ రంగు గుడ్డ గొట్టం ఒకటుంటుంది, గాలి ఎటు పోతోందో చెప్పడానికి. అది చక్కగా సముద్రం వైపు తిరిగి బిగుసుకుంది. దానికి కాస్త దూరంలో పవర్‌హౌస్ పొగ మాత్రం ఊరి వైపే పోతోంది. రసజ్ఞ పెట్టిన పొగ. ఆమె పెట్టినరోజు గాలి ఊరి వైపు ఉంది, గోర్డన్ దిగినప్పుడూ అదే గాలి. పొగకు తిరగడం నేర్పలేదు.

ఇప్పుడు ముద్దు చేసే గోర్డన్ లేడు. కొనుక్కున్నవాళ్లు చూస్తారు, నలుగురి ముందూ రాసి పెడతారు. తర్వాతి ఎయిర్‌పోర్టు ఎవరి చేతిలో ఉండాలన్న మాట మళ్లీ పైకొస్తుంది. ఇదంతా మధుకర్‌కు పొగ చూసినంత వేగంగా కనపడింది.

ఎదురు వరసలో రసజ్ఞ తల కనిపిస్తోంది. రసజ్ఞా అని పిలిస్తే చాలు. పిలవబోయాడు. నోరు రాలేదు. లోపల ఉడుకు ఇంకా చల్లారలేదు, పెదవులు దాని మాటే వింటున్నాయి. చెయ్యి మాత్రం కదిలింది. ఆకుపచ్చ పెట్టె మెల్లగా పోయి గుడ్డ గొట్టానికీ పొగకూ మధ్యన ఆగింది. మధుకర్ మౌస్ వదిలేసి చేతులు కట్టుకున్నాడు.

షెడ్డు దగ్గరున్న పసుపు పెట్టె కాసేపు కదల్లేదు. తర్వాత ఇటు తిరిగింది. మంచు మీదుగా తేలుతూ వచ్చి, ఆకుపచ్చ పెట్టె పక్కనే నిలబడింది.

"అయ్యయ్యో," ఎదురు వరసలోంచి వినపడింది. "పొగ ఎటు పోతోందండీ!"

"నన్నడుగుతవేంది? గాలినడుగు."

ఆమె పకపకా నవ్వి పని మొదలుపెట్టింది. సాయంత్రానికి పొగ గాలి మాట వినసాగింది. మధుకర్ బ్యాగు సర్దుకుంటూ, కంప్యూటరు ఆపబోతూ ఆగాడు. పసుపు పెట్టె పవర్‌హౌస్ దగ్గర లేదు. కిందికి దిగి రన్‌వే మీద, చక్రాలు తాకే చోట, కంకరకు జానెడు ఎత్తున నిలబడి ఉంది. కదలడం లేదు.

అతను కూచున్నాడు. మళ్లీ లేచాడు. అక్కడ ఏముంది? ఉన్నది కంకరే కదా. చూస్తోందా, లేక ఏమన్నా దొరికిందా?

"ఏమన్న తేడా ఉన్నదా?" గొంతు అతనిది అతనికే కొత్తగా వినపడింది.

రసజ్ఞ తల ఎత్తింది.

"ఏం లేదండీ," అంది. "బాగానే ఉంది."

పసుపు పెట్టె ఇంకా అక్కడే ఉంది. మధుకర్ బ్యాగు కింద పెట్టి, కుర్చీ లాక్కుని, తన కంకరను మొదటి రాయి నుంచి వెతకడం మొదలుపెట్టాడు.