కుంగిన బెంచీ

పొద్దున్నే ఫోన్ వచ్చింది. లెక్కల మాస్టారికి జ్వరం, పదో తరగతికి ఈ ఒక్కరోజు రాగలరా అని. ఆవిడ ఎప్పుడూ రాననదు. ఏ బడిలో ఎవరు మంచం పట్టినా ఆవిడకే పిలుపు. సొంత తరగతంటూ ఎన్నడూ లేదు. తడి జుట్టే ముడేసుకుని బస్సెక్కింది.

"పాఠం చెప్పకపోయినా ఫర్లేదమ్మా, గోల రాకుండా చూడండి చాలు" అన్నాడు హెడ్‌మాస్టరు మెట్ల దగ్గర. "కిటికీ పక్క మాత్రం చూసుకుని నడవండి. అక్కడ నేల దిగింది."

తరగతిలోకి అడుగు పెట్టగానే గోల మొదలైంది.

"మా సార్ ఇంక రారా టీచర్?"

"రేపొస్తారు."

"అయ్యో పాపం" అని ఎవడో మూలిగాడు. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది.

బోర్డు మీద లెక్కలేసి, వరసల మధ్య నడుస్తుంటే కనబడింది. కిటికీ పక్క బెంచీ బురదలో దిగిన మంచంకోడులా నేలలోకి కుంగిపోయింది. చుట్టూ నేల పలకలు పగిలాయి. అందులో ఒక్కతే ఒక అమ్మాయి. గడ్డం పక్కవాళ్ళ మోకాళ్ళ దగ్గరుంది. తల వంచుకుని లెక్క చేసుకుంటోంది.

"ఎప్పట్నుంచి?" అని ముందు బెంచీ పిల్లని అడిగింది టీచరు.

"వాళ్ళ తమ్ముడు పోయినప్పట్నుంచి. సిమెంటు కూడా పోశారు టీచర్."

"పోసినా ఆగట్లేదు" అన్నాడు వెనకనుంచి ఒకడు. "పరీక్షల్లోగా కింద ఆరో తరగతిలోకి పడిపోతుంది. వాళ్ళు ఆ చోట కూర్చోవడం మానేశారు కూడా."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మధ్యాహ్నం బెల్లు కొట్టాక అంతా బయటికి పరిగెత్తారు. ఆ అమ్మాయి కదల్లేదు. టీచరు మెల్లిగా గుంటలోకి దిగి పక్కన కూర్చుంది.

"తినవా?"

"ఆకల్లేదు టీచర్."

"అమ్మ ఏమీ అనదూ?"

"అమ్మ నాతో మాట్లాడదు."

తర్వాత, లెక్క వివరిస్తున్నట్టే చెప్పుకుపోయింది. అమ్మ పనికెళ్తూ తమ్ముణ్ణి చూడమంది. మర్నాడు పరీక్ష. వాడి అల్లరి పడలేక గది గడియ పెట్టుకుంది.

"తలుపు కొట్టాడు టీచర్. అక్కా ఆడుకుందాం రా అన్నాడు. చదువుకోనివ్వవా, పో అన్నాను. పోయాడు."

పక్కింటివాళ్ళు కడుతున్న నీళ్ళతొట్టిలో దొరికాడు.

టీచరు ఇంకాస్త దగ్గరికి జరిగింది. "నీ తప్పేం లేదని అందరూ అన్నారా?"

"అన్నారు."

"అన్నప్పుడల్లా ఇంకాస్త దిగిందా?"

ఆ పిల్ల మొదటిసారి తలెత్తి చూసింది. "అవును."

"సరే, అది వదిలెయ్. వాడెలాంటివాడో చెప్పు."

ఆ పిల్ల చెప్పసాగింది. వాడికి ర పలకదు. అక్క బూట్లు తొడుక్కుని ఇల్లంతా ఈడ్చుకుంటూ తిరిగేవాడు. సుద్దముక్కలు తినేవాడు, అడిగితే నోరు మూసుకుని తల అడ్డంగా ఊపేవాడు. చెబుతూ చెబుతూ ఒకసారి నవ్వింది. ఆ నవ్వులోంచే ఏడుపొచ్చింది. టీచరు ఆ పిల్ల కళ్ళు తుడవలేదు. "ఊఁ, తర్వాత?" అంటూ వింది. పిల్లలు తిరిగొచ్చి, చూసి, చప్పుడు చేయకుండా ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు. ఆ పూట పాఠం జరగలేదు.

ఇంటి బెల్లు కొట్టేసరికి బెంచీ పైకి వచ్చేసింది. ఆ అమ్మాయి మామూలుగా లేచి నిలబడింది. తర్వాత టీచరు పాదాల వంక చూసింది. వాటికింద పలక చిట్లింది.

"టీచర్... మీరు..."

"నువ్వెళ్ళు. అమ్మ మాట్లాడకపోతే నువ్వే మాట్లాడు. వాడి గురించే మాట్లాడు."

ఆ పిల్ల మెట్లు దిగుతున్న చప్పుడు గబగబా కిందిదాకా వినిపించింది.

టీచరు అవే మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. ఆవరణలో గట్టి సిమెంటు నేల మీద ఆవిడ అడుగుల అచ్చులు పడ్డాయి. అవి చూసి హెడ్‌మాస్టరు, "జాగ్రత్తగా వెళ్ళండమ్మా" అన్నాడు.

బస్సెక్కగానే కండక్టరు కేకేశాడు. "అమ్మా, కాస్త మధ్యకి రండి! బండి ఒరుగుతోంది."

ఆవిడ మధ్యకి జరిగి కమ్మీ పట్టుకుంది. ఎవరో లేచి సీటు ఇవ్వబోయారు. వద్దంది. కూర్చుంటే మళ్ళీ లేవగలదో లేదో ఆవిడకి తెలియలేదు.