నడుమ కాలు లేని టీవీ బల్ల

మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు. వాళ్లెవరూ తొమ్మిదడుగుల టీవీ బల్ల చేసి ఉండరు. చెక్కపనికి పేరుపడ్డ జెపారా ఊళ్లో ఏ వడ్రంగినడిగినా చెబుతాడు, ఎంత ముదురు టేకైనా సరే, నడుమ కాలు లేని పలక ఏడాది తిరక్కుండా కుంగుతుందని.

రుమ్సియమ్మకు నడుమ కాలు వద్దు. తోలుబొమ్మలాడించే భర్త పోయి రెండేళ్లయింది. ఆయన ఆడిన ఆటలన్నీ క్యాసెట్లలో ఉన్నాయి. మధ్యాహ్నం చాప పరచుకుని, కాళ్లు బల్ల కిందికి చాపుకుని, ఆ గొంతు వింటూ కునుకు తీయడం ఆమె అలవాటు. పాత బల్ల కుంగి తలుపులు బిగుసుకుపోయాయి.

“నాలుగొందల క్యాసెట్లు, పైన టీవీ. కాళ్లకి ఏదీ అడ్డం రాకూడదు,” అంది.

వడ్రంగి సుకర్ది తల అడ్డంగా ఊపబోతుంటే, ఆయన అన్న కూతురు వుర్యానీ లేచింది. “నేను చేస్తా బాబాయ్.”

పదకొండేళ్లుగా ఆమె పని గరుకు కాగితంతో చెక్క రుద్దడం. అక్కడ ఆడవాళ్లకిచ్చే పని అదే. రంపం మగవాళ్లది. అది ఏ దేవుడు రాసిన రాతో ఎవరికీ తెలియదు.

“చెయ్యి. క్యాసెట్లన్నీ సర్దాక బల్ల అడుగున ఉన్న పలక కింద, ఈ చివర్నుంచి ఆ చివరికి దారం లాగి చూస్తా. పలకకీ దారానికీ మధ్య సందు లేకపోతే రంపం నీది. ఉంటే మళ్లీ కాగితమే, ఇంకెప్పుడూ అడక్కూడదు,” అన్నాడు సుకర్ది.

వుర్యానీకి నిద్రలోనూ ఆ పలకే. నీళ్ల మీద తేలుతున్నట్టు కనిపించేది, ఆమె చెయ్యి వేయగానే మునిగేది. కొలతలకు వెళ్లిన రోజు రుమ్సియమ్మ మల్లెపూల టీ ఇచ్చి క్యాసెట్ పెట్టింది. గంటలు, తాళాలు, వాటి వెనక ఒక ముసలి గొంతు. కిటికీలోంచి పడే ఎండలో రంపపు పొట్టు తేలుతున్నట్టనిపించి వుర్యానీకి కళ్లు మూతలు పడ్డాయి. రుమ్సియమ్మ మాటలు ఆ మగతలోనే వినిపించాయి.

“బొమ్మలు గుచ్చే అరటిబోదె ఉంటుంది చూడు, దాని వంపు ఎప్పుడూ పైకే పెట్టేవాడమ్మా మా ఆయన. బొమ్మలు గుచ్చేకొద్దీ అదే దిగి తిన్నగా అయ్యేది. కొత్తోళ్లు కిందికి పెడతారు, ఇక రాజులంతా గుంటలో పడ్డట్టే.”

వుర్యానీ కళ్లు తెరిచింది.

ఆ వారమే కాస్త వంపున్న పలక ఏరి, వంపు పైకి తిప్పి, అంచు కింద నాలుగు వేళ్ల వెడల్పు బద్దను నిలువుగా బిగించింది. నాలుగొందల క్యాసెట్ల బరువుకు ఎంత దిగుతుందో, అంత వంపే ఉంచింది.

“బల్ల చెయ్యమంటే ఒంటెను చేశావేమే,” అని నవ్వాడు సుకర్ది.

బల్ల ఇంటికి చేరింది. టీవీ ఎక్కింది. రుమ్సియమ్మ క్యాసెట్లు ఒక్కొక్కటే తుడిచి సర్దింది. వంపు కళ్లముందే దిగుతోంది. ఆమె ఆగి, “అంతే,” అంది. సుకర్ది దారం లాగాడు. మధ్యలో బియ్యపుగింజ పట్టేంత సందు.

వుర్యానీ చూపు పక్కగదిలోకి పోయింది. మంచానికి ఒకవైపు దుప్పటి నలిగి ఉంది. రెండోవైపు, దిండు పక్కన, వరసగా పేర్చిన క్యాసెట్లు. నూటికి పైనే ఉంటాయి. అడిగితే చాలు, రంపం తనది. వాటిని ఆ పక్కమీంచి తీయించడానికి మనసొప్పలేదు.

“కాగితమే,” అన్నాడు సుకర్ది.

“సరే బాబాయ్,” అంది వుర్యానీ.

“ఏమైంది?” అడిగింది రుమ్సియమ్మ.

“బరువు చాల్లేదమ్మా. మీరు నాలుగొందలన్నారు. లేదంటే దీని లెక్కే తప్పింది,” అన్నాడు సుకర్ది.

“పిల్ల లెక్క తప్పలేదు నాయనా. తక్కువ పెట్టింది నేనే.” ఆమె పక్కగది తలుపు దగ్గరికి వేసి వచ్చి, బల్ల నడిమధ్య రెండు మోచేతులూ ఆనించి, చెక్క మీద చెంప పెట్టి కళ్లు మూసుకుంది. “ఇప్పుడు చూడు.”

సుకర్ది వంగి చూశాడు. సందు లేదు.

“మీరు లేస్తే మళ్లీ వస్తుంది కదమ్మా,” అన్నాడు మెల్లగా.

“రానీ. మిగతావి నేను పోయాక పెట్టండి. అందాకా ఆ బరువు నేనే.”

సుకర్ది దారం చుట్టి వుర్యానీ చేతిలో పెట్టాడు. “రేపు పెందలాడే రా. రంపానికి పదును పెట్టుకోవాలి,” అన్నాడు.